సులోచన కథ, నా చేతిరాత

కిందటి ఎండాకాలంలో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి ఇంకా చీర కూడా మార్చుకోలేదు, మా బాబుపేట్ ఇంటి ముందు ఒక అమ్మాయి స్కూటీ ఆపింది. ముఖానికి చున్నీ చుట్టుకుంది, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. చంద్రపూర్ ఎండకు ఆడపిల్లలందరూ అలాగే తిరుగుతారు. గేటు దాటి లోపలికొచ్చి చున్నీ విప్పి నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. ఎవరిదో వెంటనే తట్టలేదు గానీ లోపల ఏదో పాత నొప్పి కదిలింది. "ఎస్తేర్ ఆజీ మీరే కదా? నేను తన్వి. ఆవర్‌పూర్‌ల సులోచన ఆజీ ఉంది గదా, ఆమె మనవరాల్ని. ఇక్కడ కాలేజీల చదువుతున్న," అంది. కూర్చోమన్నాను. కూర్చోకుండానే చెప్పేసింది. "నేను తెలుగుల కథలు రాస్తున్న. మా ఆజీకి చెప్తే, బాబుపేట్‌ల ఎస్తేరు ఉంటది, పోయి చూపెట్టు, ఆమె మస్తు సాఫ్‌గా రాస్తది అన్నది." ఆ మాటకు నేను మంచినీళ్ళు తెస్తానని వంటింట్లోకి పోయి, ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని, ఏం తియ్యాలో మర్చిపోయి కాసేపు అలాగే నిలబడ్డాను. సులోచన పేరు నా ముందు ఎవరైనా పలికి ఎన్నో ఏళ్ళయింది.

తన్వికి తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటే గానీ రావు. మరాఠీ బడి పిల్ల. మాట్లాడితే ఫోను తనే తెలుగులో రాసుకుంటుందట. నా ముందే చేసి చూపించింది. మాటకు అర్థం కావాలంటే ఫోనులోనే నిఘంటువు. ఎక్కడో హైదరాబాదులో కూర్చుని ఒకాయన వారానికోసారి ఈ పిల్లలందరికీ కథ ఎలా రాయాలో ఉత్తగానే చెప్తాడట. పొద్దున లేచేసరికి ఎవరో ఒకరు రాయడానికి ఒక విషయం పంపిస్తారట. రాసింది గ్రూపులో పెడితే ఎప్పుడూ ముఖం చూడని మనుషులు చదివి, ఇక్కడ బాగుంది, ఇక్కడ సాగింది అని చెప్తారట. "మొన్న నాకు అస్సలు రాయబుద్ధి కాలేదు ఆజీ. ఇగ బంద్ చేస్త అని పెట్టిన. బాప్‌రే, ఎంతమంది తిట్టిండ్రో! బంద్ చెయ్యొద్దు, రాయి అని." ఆ తిట్లన్నీ పైకి జరుపుతూ మురిపెంగా చూపించింది. నేను "మంచిదే బిడ్డా, మంచిదే" అంటూ తలాడించాను. మూడు కథల పుస్తకాలు అచ్చేసుకున్నదాన్ని, మరాఠీ బళ్ళో పంతులమ్మగా చేసి రిటైరైనదాన్ని, మోకాళ్ళకు రెండుపూటలా నూనె రాసుకునే వయసులో ఉన్నదాన్ని, ఒక చిన్నపిల్ల చేతిలోని ఫోను చూసి కుళ్ళుకున్నాను. ఆ కుళ్ళు నాకు కొత్తది కాదు. అదే నన్ను మా చిన్నప్పటి శనివారాలకు తీసుకుపోయింది.

మా నాన్నది బొగ్గుబాయిలో పని. మొదటి షిఫ్టు రోజుల్లో మధ్యాహ్నం దాటాక వచ్చేవాడు. ఆయన వచ్చే వేళకు అమ్మ షెగ్డీ మీద, అంటే బొగ్గుల పొయ్యి మీద, నీళ్ళు కాచి పెట్టేది. పచ్చిబొగ్గు పొగ, ఎర్రసబ్బు వాసన, పొయ్యి పక్కన ఆరుతున్న జొన్నరొట్టె, గిన్నెలో పుంటికూర పులుపు, ఇవన్నీ కలిసిన వాసనే నాకు ఇల్లు. నాన్న స్నానం చేసి, తువ్వాలు కొస మెలిపెట్టి చెవుల్లోని బొగ్గు తుడుచుకుని, ఒక గిలాసెడు చాయ్ తాగేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. మేమూ మాట్లాడించేవాళ్ళం కాదు. ఆయనకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. కానీ శనివారం వచ్చిందంటే చాయ్ గిలాస కింద పెట్టి, సగం విరిగిన బ్లేడు తీసుకుని, నా పెన్సిళ్ళన్నీ చెక్కేవాడు. సూదుల్లా చెక్కి కిటికీ గూట్లో వరసగా పెట్టేవాడు. ఏం రాస్తున్నావని ఒక్కసారీ అడగలేదు. నేను కూడా దాన్ని పెద్ద విషయంగా అనుకోలేదు. అప్పట్లో నా కళ్ళన్నీ వేరొకరి మెప్పు మీద ఉండేవి.

ఆమె మా చర్చి అయ్యగారి భార్య. అందరం అమ్మగారు అనేవాళ్ళం. కృష్ణా నది ఒడ్డు నుంచి వచ్చిన మనిషి. మాది కరీంనగర్ వైపు నుంచి బొగ్గుపనికి వచ్చిన కుటుంబం కాబట్టి మా ఇంట్లో తెలుగు ఒక తీరు, అమ్మగారిది ఇంకో తీరు. బడిలో మరాఠీ, బజార్లో హిందీ, ఇంట్లో మాట్లాడే తెలుగుకు కాయితం మీద చోటే లేదు. అది చూసి ఉండబట్టలేక ఆమె చర్చి వెనకాల రేకుల గదిలో శనివారం సాయంత్రాలు పిల్లలకు తెలుగు నేర్పడం మొదలుపెట్టింది. మొదట్లో పదిమందిమి ఉండేవాళ్ళం. అక్షరాలు వచ్చేసరికి చాలామంది ఆటలకు పోయారు, చివరికి ఇద్దరం మిగిలాం. నేను, సులోచన. సులోచన వాళ్ళు చర్చికి వచ్చేవాళ్ళు కాదు, మా వీధి మలుపులో కిరాణా దుకాణం వాళ్ళది. వాళ్ళ నాన్న ఉత్తరాలు రాయడం నేర్చుకోమని కూతుర్ని పంపించాడు. అమ్మగారి దగ్గర ఒక రేకుపెట్టె ఉండేది. దాని నిండా వాళ్ళ తమ్ముడు పంపిన పాత వారపత్రికలు. మూత తీస్తే కలరా ఉండల వాసన గుప్పుమనేది. ఇంకొకటి, మొదటి పేజీలు చిరిగిపోయిన నిఘంటువు. అ నుంచి ఔ దాకా లేదు, క తోనే మొదలు. అచ్చులేవమ్మగారూ అంటే, "అవి మీ నోట్లోనే ఉన్నాయిలే, వెతుక్కోండి" అని నవ్వేది. రాయడానికి పాత క్యాలెండర్ల వెనకవైపు. చంద్రపూర్‌లో తెలుగు రాయాలనుకున్న ఇద్దరు ఆడపిల్లలకు ఉన్న సామానంతా అదే.

నా రాత ముత్యాల్లా ఉండేది. గొప్ప కోసం చెప్పడం లేదు, ఇప్పటికీ అలాగే ఉంటుంది. పత్రికల్లోని మాటలు ఏరుకుని, అమ్మగారు మాట్లాడినట్టే రాసేదాన్ని. ఆమె మెచ్చుకోవాలని ఆమె భాషే ఆమెకు తిప్పి ఇచ్చేదాన్ని. సులోచనది కోడిగెలుకుడు రాత. ఒత్తులుండవు, దీర్ఘాలుండవు, మధ్యలో మరాఠీ మాట, దాని పక్కన ఉర్దూ మాట. దుకాణానికి వచ్చిన మనుషులు ఎట్లా మాట్లాడితే అట్లా దించేసేది. అమ్మగారు నా కాయితం చదివి, "తప్పుల్లేవు ఎస్తేరూ, బాగుంది" అని పక్కన పెట్టేది. సులోచన కాయితం అందుకుని రెండు వాక్యాలు చదవగానే నవ్వడం మొదలయ్యేది. కళ్ళద్దాలు తీసి కొంగుతో కళ్ళు తుడుచుకుని, "తర్వాతేమైందే పిల్లా? ఆపేశావేం?" అనేది. ఒక రోజు ఉండబట్టలేక అడిగేశాను, నేను ఇంకా ఎట్లా రాస్తే బాగుంటుందని. ఆమె నా భుజం మీద చెయ్యి వేసి, చాలా ప్రేమగా, "నా తెలుగు మళ్ళీ నాకెందుకమ్మా? నీది చెప్పు" అంది. ఆ మాట విలువ ఇప్పుడు తెలుసు. ఆ రోజు మాత్రం ఇంటికి పోయి, తలనొప్పి అని చెప్పి, అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాను. సులోచన నా ఒక్కగానొక్క దోస్తు. దాని జడ నేను వేసేదాన్ని, నా జడ అది వేసేది. జడ వేస్తూ వేస్తూ ఒక్కోసారి గట్టిగా లాగేదాన్ని.

అయ్యగారికి బదిలీ అయిన వారంలో ఇది జరిగింది. సులోచన ఒక కథ రాసింది. బొగ్గుబాయి కార్మికుడు ఒకడు షిఫ్టు దిగి నల్లటి ముఖంతో ఇంటికొస్తాడు. ఆ రోజే పల్లె నుంచి మొదటిసారి వచ్చిన బామ్మర్ది గుర్తుపట్టక, ఎవడో అనుకుని తలుపు గడియ పెడతాడు. వీడు బయటి నుంచి నీ బావనురా అని అరుస్తుంటాడు. బామ్మర్ది లోపలికి తిరిగి అక్కను అడుగుతాడు. ఆమె కిటికీలోంచి తొంగి చూసి, "గొంతు మా ఆయనదే, మొఖం ఎవరిదో నాకు తెల్వది. నీళ్ళు పోసి చూద్దాం, తేలకపోతే వాపస్ పంపుదాం" అంటుంది. అమ్మగారు సామాన్ల మధ్య కూర్చుని చదివి పడీపడీ నవ్వింది. దీన్ని పత్రికకు పంపాల్సిందే అంది. కవరు మీద చిరునామా తనే రాసింది, తిరుగు చిరునామాకు సులోచన వాళ్ళ దుకాణం పేరు పెట్టింది. తర్వాత కథ నా చేతికిచ్చింది. "నీ అక్షరం బాగుంటుంది. సాఫుగా ఎత్తి రాసి పోస్టు చెయ్యి తల్లీ. ఒత్తులు, దీర్ఘాలు సరిచెయ్యి, అంతే. నాకు తీరిక లేదు." రెండు రోజుల తర్వాత వాళ్ళు రైలెక్కారు. స్టేషన్లో నేనూ సులోచనా ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని ఏడ్చాం.

ఆ మరునాడు మధ్యాహ్నం నాన్న నిద్రపోతున్నాడు, అమ్మ పక్కింట్లో బియ్యం ఏరుతోంది. కిటికీ దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టాను. మొదటి పేజీ ఉన్నదున్నట్టే ఎత్తాను. గొంతు మా ఆయనదే అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నాకే నవ్వొచ్చింది, పైకే నవ్వాను. నాన్న అటు తిరిగి పడుకున్నాడు. నవ్వు ఆగిన వెంటనే, ఇలాంటి మాట నాకు జన్మలో రాదు అనిపించింది. నా కళ్ళ ముందే రోజూ బొగ్గు ముఖంతో నడిచొచ్చేది మా నాన్న. ఆ ముఖం నాది, ఆ ఇల్లు నాది, కథ మాత్రం కిరాణా దుకాణం పిల్లది. అప్పుడు నా చెయ్యి తనంతట తను, "స్వరము నా భర్తదే గానీ ముఖము పరులది" అని రాసింది. తర్వాత ఇక ఆగలేదు. ప్రతి మాటనూ పత్రిక భాషలోకి మార్చాను. వాపస్ పంపుదాం అన్నది తీసేశాను. తప్పులు దిద్దుతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. పూర్తయ్యాక చూస్తే కాయితం మీద ఒక్క కొట్టివేత లేదు, ఒక్క నవ్వూ లేదు. సులోచన రాసిన క్యాలెండర్ కాయితాలు షెగ్డీలో పెట్టాను. అమ్మ వచ్చి పొగేంటే అంటే పాత కాయితాలు అన్నాను. సాయంత్రం పోయి కవరు పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

కొన్ని వారాలకు కవరు దుకాణానికి తిరిగొచ్చింది. నేను ఉప్పు కోసం వెళ్ళినప్పుడు సులోచన గల్లా వెనకాల నిలబడి చదువుతోంది. కథతోపాటు పత్రికవాళ్ళ చిన్న చీటీ ఉంది. భాషలో దోషాలు లేవు, కానీ ఈ మనుషులు మనుషుల్లా మాట్లాడటం లేదు, మీరు విన్నట్టు రాసి మళ్ళీ పంపండి, అని. సులోచన చీటీ చదివింది, కథ మొదటి నుంచి చివరిదాకా చదివింది, నా వైపు చూసింది. "వాపస్ వచ్చిందే" అంది. "నా కాయితాలు ఏవి?" అని అడిగింది. "అమ్మగారి సామాన్లల్ల పోయినయేమో" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు సిగ్గు వేయలేదు, ఊపిరి అందినట్టయింది. సులోచన ఇక రాయలేదు. తర్వాత దానికి పెళ్ళయింది, ఆవర్‌పూర్ పోయింది. ఆ చీటీ మాత్రం నన్ను వదల్లేదు. విన్నట్టు రాయడం అంటే ఏమిటో దాన్ని తలుచుకుంటూ నేర్చుకున్నాను. నాన్న మాట, అమ్మ మాట, షిఫ్టు మాటలు అన్నీ చెవిపెట్టి వినడం మొదలుపెట్టాను. నా మొదటి కథ అచ్చయింది, తర్వాత పుస్తకాలు వచ్చాయి. మాట సహజంగా ఉంటుందని ఎవరైనా మెచ్చుకున్నప్పుడల్లా, అది సులోచనకు రావలసిన పాఠమని, ఆ చీటీ దాని పేరు మీద వచ్చిందని నాకు గుర్తొచ్చేది.

తన్వి వచ్చి వెళ్ళిన తర్వాత వారం రోజులు ఆగాను. ఇక ఆగలేక ఆవర్‌పూర్ బస్సెక్కాను. సిమెంటు ఫ్యాక్టరీ టౌన్‌షిప్ దగ్గర గాజులు, రిబ్బన్లు, చీరల ఫాల్స్ అమ్మే దుకాణం. లోపల నలుగురైదుగురు ఆడవాళ్ళు గాజులు చూడటం మానేసి నవ్వుతున్నారు. మధ్యలో స్టూలు మీద తెల్లజుట్టు సులోచన, ఎవరి కోడలో ఎవరి అత్తతో ఏమందో మరాఠీలో, తెలుగులో చేతులు తిప్పుతూ చెప్తోంది. వాళ్ళ ముఖాలు చూసి మళ్ళీ కుళ్ళుకున్నాను. నా పుస్తకాలు చదివి ఎవరైనా ఇలా నవ్వగా నేను కళ్ళారా చూడలేదు. నన్ను చూసి చెప్పడం ఆపింది. "ఎస్తేరూ! ఇప్పుడు దొరికిందా తొవ్వ?" అంది. అందరూ వెళ్ళాక చాయ్ తెప్పించింది. నేను చాయ్ ముట్టకుండానే, నీ కథ నేను పాడుచేసిన, అన్నాను.

"తెలుసు," అంది. "పరులు అని రాసినవ్. పరులు అంటే ఏందో నాకు ఇప్పటికీ సరిగ్గ తెల్వదు. నేను రాయని మాట నాకు తెల్వదానే?"

"మరి అప్పుడే ఎందుకు అడగలే?"

"అడిగితే నువ్వు ఏడుస్తవ్. దోస్తానా పోతది. నాకు నువ్వొక్కదానివే ఉంటివి." గాజుల డబ్బా మూత పెట్టింది. "కోపం అయితే మస్తు వచ్చింది. ఇగ రాయబుద్ధి కాలే. పెండ్లి, పిల్లలు, దుకాణం, అట్ల పోయింది. నీ ఒక్కదాని వల్లనే అనుకోకు." డబ్బాను అరలోకి నెట్టి, "నీ వల్ల గూడ," అంది.

అక్కడితో ఆపి ఉండాల్సింది. కానీ సగం చెప్పి సగం దాచుకుని మళ్ళీ బస్సెక్కడం నాకు చేతకాలేదు. కాయితాలు అమ్మగారి సామాన్లలో పోలేదు, నేనే షెగ్డీలో పెట్టిన, అని చెప్పాను. సులోచన ముఖం అప్పుడు మారింది. ఒకామె వచ్చి సేఫ్టీపిన్నులు అడిగితే లేచి ఇచ్చి, మళ్ళీ కూర్చుంది. "అమ్మగారు తీసుకపోయి దాచుకున్నదనుకున్న," అంది మెల్లగా. "ఇన్నేండ్లు గదే అనుకున్న. ఆమె పెట్టెల నా కాయితాలు ఉంటయని. నువ్వు ఇది చెప్పకుంటే బాగుండె." నేను మన్నించమని అడగలేకపోయాను. అడిగితే అది కూడా నా కోసమే అడిగినట్టవుతుంది. నా గుండె బరువు దింపుకోవడానికి వచ్చి, దాని దగ్గర మిగిలిన ఒక్కటీ తీసేసుకున్నానని అర్థమైంది. చాయ్ చల్లారిపోయింది. నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. చెయ్యి ప్రేమగా పట్టుకోలేదు, గట్టిగా పట్టుకుంది. "మా తన్వి నీ తానకు వస్తది. నేనే పంపిన, నేనే పంపుత. నీకు వచ్చినంత దానికి చెప్పు. తెలుగు చదువుడు నేర్పు. ఏదన్న చెప్పాల్నంటే నోటితోని చెప్పు. దాని కాయితం ముట్టకు." సరే అన్నాను. "ఒట్టు పెట్టు," అంది, చిన్నప్పటిలాగే. పెట్టాను.

అప్పటి నుంచి తన్వి ఆదివారాలు వస్తోంది. గుణింతాలు దిద్దిస్తున్నాను. నా అలమారలోని పుస్తకాలన్నీ ఒక్కొక్కటే తీసుకుపోయి, సగం చదివి, నూనె మరకలతో తిరిగి తెస్తుంది. రాసింది ఫోనులో చూపించబోతే, చదివి వినిపించు అంటాను. వింటాను. ఎక్కడ సాగిందో నోటితో చెప్తాను. కొన్నిసార్లు ఒక మాట వింటే, దాని బదులు ఇంకో మాట పెడితే ఎంత బాగుంటుందో నాకు కనిపిస్తుంది. వేళ్ళు దురదపెడతాయి. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. కొన్నిసార్లు దాని మాటే బాగుంటుంది, అప్పుడు ఇంకా కష్టంగా ఉంటుంది. రాయడంలో పక్కనుండి ధైర్యం చెప్పే మనిషి ఒక్కరుంటే చాలునని అందరూ అంటారు. నాకు అమ్మగారు ఉండేది, పెన్సిళ్ళు చెక్కిన నాన్న ఉండేవాడు, తిరిగొచ్చిన చీటీ కూడా ఉంది. ఉన్నవి లెక్కపెట్టుకోకుండా పక్కదానికి ఏముందో చూస్తూ ఆ శనివారాలన్నీ గడిపాను. తన్వికి ఎంతమంది ఉన్నారో చూసి కుళ్ళుకునే ఈ ముసలిదానికీ, ఆ జడ గట్టిగా లాగిన పిల్లకూ పెద్ద తేడా ఏమీ లేదు. తేడా అల్లా ఒక్కటే, ఇప్పుడు నాకు తెలిసే కుళ్ళుకుంటున్నాను.

కిందటి నెల ఒక పొద్దున తన్వి ఫోను చేసింది. కథ ఒకటి పత్రికలో వచ్చిందట. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియని గొంతు. శభాష్ బిడ్డా అని చెప్పి ఫోను పెట్టేశాను. పెట్టేశాక వంటింట్లో పొయ్యి మీద పప్పు మాడిపోయేదాకా కుర్చీలోంచి లేవలేకపోయాను. నా మొదటి కథ అచ్చయినప్పుడు చెప్పడానికి నాకు ఎవరూ లేరు, చెప్పదగ్గ ఒక్క మనిషికీ మొహం చూపించలేని స్థితి. మధ్యాహ్నానికి మనసు కుదుటపడింది. మళ్ళీ ఫోను చేసి, కథ మొత్తం చదివి వినిపించమన్నాను. తనే అచ్చులో చూసుకుని, కూడబలుక్కుంటూ, అక్కడక్కడా ఆగుతూ చదివింది. గాజుల దుకాణంలో కూర్చునే ఒక ముసలామె కథ. మరాఠీ, తెలుగు, నవ్వు, తిట్లు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను మొదటి మాట నుంచి చివరి మాట దాకా నా చెయ్యి ఎక్కడైనా పడిందేమోనని విన్నాను. ఎక్కడా పడలేదు.